పేరు ఒకచోట, పని ఇంకోచోట

కారేపల్లి చుట్టూ కట్టినవాళ్లూ కట్టించినవాళ్లూ: కొన్ని వింతలు, కొన్ని విశేషాలు

కారేపల్లి స్టేషన్‌లో రైలు దిగి ఇది ఏ మండలమని అడగండి. సింగరేణి అంటారు. సింగరేణి అంటే బొగ్గు కదా, బావులు ఎక్కడని అడగండి. ఇక్కడెక్కడివి, ఇల్లెందు పోవాలి, కొత్తగూడెం పోవాలి అంటారు. ఖమ్మం మైదానం అయిపోయి భద్రాచలం అడవి మొదలయ్యే ఈ పట్టీలో కట్టడాల కథలన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. పేరు ఒకచోట పలుకుతుంది, పని ఇంకోచోట కనిపిస్తుంది.

విక్టోరియా రాణి ఏలిన కాలంలో (1837–1901) ఇంగ్లండులో రైలు పట్టాలు సముద్రం ఒడ్డుకు చేరి, షికారు పట్నాలను లేపాయి. అదే తరం ఇంజనీర్లు మన అడవి అంచుకు వచ్చి బొగ్గు పట్నాన్ని లేపారు. సముద్రానికి దారి వేద్దామని గోదావరికి అడ్డంగా రాళ్లు కూడా పేర్చారు. వాళ్లకు ముందు కట్టినవాళ్లు ఉన్నారు, తర్వాత కట్టినవాళ్లూ ఉన్నారు. ఆ వరసలో పది విశేషాలు ఇవి.

అన్నిటికన్నా పాతది, ఇంకా పనిలో ఉన్నది

బయ్యారం చెరువు కట్టించింది రాజు కాదు, రాజుగారి తోబుట్టువు. కాకతి గణపతిదేవుడి సోదరి మైలాంబ 13వ శతాబ్దంలో దీన్ని తవ్వించింది. కట్ట దగ్గర వేయించిన శాసనం కాకతీయుల వంశాన్ని మూలపురుషుడు వెన్నడి నుంచి వరసగా చెబుతుంది. అంటే ఓరుగల్లు రాజుల పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలంటే చరిత్రకారులు ఓరుగల్లు వదిలి ఒక పల్లె చెరువుగట్టుకు రావలసి వచ్చింది. శాసనంలో చెరువు పేరు ధర్మకీర్తి సముద్రం. ఆ పేరు రాతిమీదే ఉండిపోయింది. ఆయకట్టు రైతు నోట అది బయ్యారం చెరువే.

అన్నిటికన్నా చిన్నది

భద్రాచలంలో రాముడికి మొట్టమొదట నీడ కట్టింది పోకల దమ్మక్క అనే కోయ స్త్రీ అని స్థలపురాణం. పుట్టలో దొరికిన విగ్రహాల మీద తాటాకుల పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిందట. రాతిగోపురం వచ్చాక పందిరి పోయింది. దమ్మక్క మాత్రం పోలేదు. ఆమె పేరున ఏటా సేవాయాత్ర జరుగుతుంది, చుట్టుపక్కల గూడేల నుంచి జనం గుట్టకు తరలివస్తారు. పునాది లేకుండా లేచిన కట్టడాల్లో ఇంతకాలం గుర్తున్నది ఈ దరిదాపుల్లో మరొకటి లేదు.

కట్టినందుకు అందరికన్నా ఎక్కువ చెల్లించినవాడు

నేలకొండపల్లి కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. గోల్కొండను తానీషా ఏలుతున్న రోజులు (1672–86). పందిరి ఉన్నచోట గుడి లేచింది. చింతాకు పతకం, పచ్చల పతకం, కలికితురాయి తయారయ్యాయి. గోల్కొండకు చేరాల్సిన శిస్తు మాత్రం చేరలేదు. లెక్క ఆరు లక్షలని, శిక్ష పన్నెండేళ్లని చెప్పుకుంటారు. ఆయన ఉన్న బందీఖానా అంటూ గోల్కొండ కోటలో ఇప్పటికీ ఒక గది చూపిస్తారు. ఇందులోనూ పేరు తారుమారే. గుడి కట్టించింది గోపన్న, జనం ఎరిగింది రామదాసును. తహసీల్దారు కచ్చేరీలో రాసిన లెక్కలు ఎవరికీ గుర్తు లేవు. చెరసాలలో పాడిన పాటలు తెలియని తెలుగిల్లు లేదు.

అన్నిటికన్నా పెద్ద కల, అర్ధంతరంగా ఆగింది

భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం. నాగపూర్, బీరారు పత్తిని పడవలకెత్తి ప్రాణహిత, గోదావరుల మీదుగా సముద్రానికి చేర్చాలని ఇంజనీరు ఆర్థర్ కాటన్ దొర తలపెట్టాడు. పని చేయించింది కెప్టెన్ హేగ్. నదిలో పడవ నడవనివ్వని రాతిపట్టులు మూడు. మొదటిది దుమ్ముగూడెం దగ్గరే. అక్కడ ఆనకట్ట, కాలువ, లాకులు కట్టారు. అడవి జ్వరాలు, గోదావరి వరదలు, కూలీల కరువు, వీటన్నిటికీ ఓర్చి పని సాగుతుండగా 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కింది. నాలుగేళ్లు తిరిగేసరికి, 1871లో, సర్కారు పని ఆపేసింది.

పత్తి పడవ రాలేదు గానీ రాతిగోడ నిలిచింది. ఇవాళ సీతారామ ఎత్తిపోతల పథకానికి నీళ్లు తోడేది ఆ ఆనకట్ట ఎగువనుంచే. పడవల కోసం ఆపిన నీరు పొలాలకు పోతోంది. కోయల మధ్య క్రైస్తవ మిషన్ మొదలు కావడానికి కారకుడు కూడా ఈ హేగే. అయినా దుమ్ముగూడెం బజారులో ఆయన పేరు చెబితే పోల్చుకునేవాళ్లు అరుదు.

ఒకే నది, రెండు తీరుల జ్ఞాపకం

అదే గోదావరి మీద దిగువన ధవళేశ్వరం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట. సర్ ఆర్థర్ కాటన్‌కు అక్కడ విగ్రహాలున్నాయి, మ్యూజియం ఉంది, స్నాన సంకల్పంలో ఆయనను తలచుకునే పురోహితులూ ఉన్నారు. ఆయన వెంట ఉండి పనివాళ్లను నడిపించిన వీణెం వీరన్న పేరూ డెల్టా మరచిపోలేదు. కల కన్నవాడు ఒక్కడే, నదీ ఒక్కటే. నీళ్లు పొలానికి పారినచోట దేవుడయ్యాడు. పడవ ఆగినచోట ఆయన ఊసే లేదు. ఇంజనీరుకు కీర్తి తెచ్చేది రాయి కాదు, తూము.

ఒకే ఏడాది రెండు మలుపులు

నది పని ఆగిన ఆ 1871లోనే ఇల్లెందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ విలియం కింగ్ బొగ్గు కనిపెట్టాడు. అంతకుముందే భద్రాచలం యాత్రికులు నల్లరాళ్లతో పొయ్యి పెట్టుకుంటే పొయ్యే అంటుకుందనే కథ కూడా ఈ ప్రాంతంలో వినబడుతుంది. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ పుట్టింది. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. అడవి మధ్య ఊరు బొగ్గుట్ట అయింది.

కింగ్ పేరు పైన ఏ చౌరస్తాకూ లేదు. నేల కింద ఉంది. ఆయన కనిపెట్టిన బొగ్గు పొర పేరు ‘కింగ్ సీమ్’. కింగ్ ఉన్నాక క్వీన్ ఉండాలి కదా, కొత్తగూడెంలో ‘క్వీన్ సీమ్’ కూడా ఉంది. వెలుతురు చేరని చోట నిలిచిన పేర్లలో ఇదొక వింత.

అన్నిటికన్నా ఎక్కువ దూరం నడిచిన ఊరి పేరు

1920 డిసెంబరు 23న కంపెనీ పేరు సింగరేణి కాలరీస్‌గా మారింది. పేరిచ్చింది కారేపల్లి పక్కనున్న చిన్న ఊరు. ప్రాణహిత–గోదావరి లోయలో దాదాపు 350 కిలోమీటర్ల మేర పరుచుకున్న బొగ్గుకు ఇప్పుడు ఆ ఊరి పేరే. గోదావరిఖని కార్మికుడూ మందమర్రి కార్మికుడూ ‘నేను సింగరేణిలో చేస్తా’ అంటాడు. అతను సింగరేణి ఊరు చూసి ఉండకపోవచ్చు. ఇంకో రికార్డు: 1945లో నిజాం సర్కారు ఈ కంపెనీని చేతిలోకి తీసుకుంది. దేశంలోని మిగతా బొగ్గుగనుల జాతీయీకరణ జరగడానికి అప్పటికి ఇంకా పాతికేళ్లకు పైగా ఉంది.

అన్నిటికన్నా ఎక్కువమందిని తికమకపెట్టిన బోర్డు

డోర్నకల్ నుంచి కారేపల్లి మీదుగా వెళ్లే పాసింజరు రైలు ‘భద్రాచలం రోడ్’ చేరుతుంది. కొత్త యాత్రికులు గోదావరి ఎటని అడుగుతూ దిగుతారు. దిగింది కొత్తగూడెంలో. గుడికి ఇంకా 40 కిలోమీటర్లు ఉంది, బస్సెక్కాలి, గోదావరి వంతెన దాటాలి. పట్టాలు వేసింది దేవుడి కోసం కాదు, బొగ్గు కోసం. 1880ల చివర ఇల్లెందు దాకా, 1920ల్లో కొత్తగూడెం దాకా. బొగ్గు ఉన్నచోట పట్టాలు ఆగాయి, దేవుడి పేరు బోర్డుకెక్కింది. ‘రోడ్’ అన్న చిన్నమాటలో 40 కిలోమీటర్లు ఇమిడిపోయాయి.

ఎత్తైనవి లేచిందీ ఇక్కడే, కూలిందీ ఇక్కడే

కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్ కొత్తగూడెంలో లేదు, పాల్వంచలో ఉంది. గోపన్న తహసీల్దారీ చేసిన పాల్వంచే. 1966లో తొలి యూనిట్ కరెంటు ఇచ్చింది. వంద మీటర్లు దాటిన కూలింగ్ టవర్లు చాలాకాలం ఈ ప్రాంతానికి ఆనవాలు. బస్సులో నిద్రపోయినవాళ్లు కళ్లు తెరిచి అవి కనిపిస్తే పాల్వంచ వచ్చిందనుకునేవారు. పాత యూనిట్ల కాలం తీరింది. 2024 ఆగస్టు 5న ఎనిమిది టవర్లను పేలుడు పదార్థాలతో పడగొట్టారు. కట్టడానికి ఏళ్లు పట్టింది, ఒక్కొక్కటీ కూలడానికి క్షణాలు చాలాయి. భద్రాద్రి పేరుతో కొత్తగా వచ్చిన 1,080 మెగావాట్ల కేంద్రమైనా భద్రాచలంలో ఉందా అంటే, అదీ లేదు. మణుగూరు దగ్గర ఉంది.

పుట్టినరోజు పండగైన ఇంజనీరు

వైరా, పాలేరు జలాశయాలకు రూపమిచ్చినవాడు మీర్ అహ్మద్ అలీ. ఆ పేరు చెబితే ఎవరూ పోల్చరు. నిజాం ఇచ్చిన బిరుదుతో నవాబ్ అలీ నవాజ్ జంగ్ అంటే తెలుస్తుంది. విక్టోరియా కాలంలోనే, 1877లో పుట్టి, ఇంగ్లండులో ఇంజనీరింగ్ చదివి, నిజాంసాగర్ కూడా కట్టించాడు. దేశమంతా సెప్టెంబరు 15న విశ్వేశ్వరయ్య జయంతికి ఇంజనీర్ల దినం చేసుకుంటుంటే, తెలంగాణ జూలై 11న ఈయన పుట్టినరోజు కూడా చేసుకుంటుంది. వైరా ఆయకట్టులో నాట్లు పడే కాలమూ ఇంచుమించు అదే.

ఇక కొసమెరుపుగా ఒకటి. భద్రాచలంలో శ్రీరామనవమికి కళ్యాణం జరిగే ప్రాంగణం పేరు మిథిలా స్టేడియం. కళ్యాణ మండపం గణపతి స్థపతి పనితనం. హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి చెక్కిన తమిళనాడు శిల్పి ఆయనే. మిథిల అనే పెళ్లికూతురు సీతమ్మ పుట్టింటి పేరు వందల కోసుల అవతల నుంచి నడిచొచ్చి గోదావరి ఒడ్డున స్థిరపడింది. గుడి తెలంగాణలో ఉంటే, గుడి మాన్యం చాలావరకు 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. దేవుడు కూడా హద్దు దాటి కౌలు వసూలు చేసుకోవలసినవాడే.

2016లో జిల్లాలు విడిపోయినప్పుడు బయ్యారం మహబూబాబాద్‌కు, ఇల్లెందు భద్రాద్రి కొత్తగూడానికి పోయాయి, కారేపల్లి ఖమ్మంలోనే ఉండిపోయింది. పేరిచ్చిన ఊరు ఒక జిల్లాలో, తొలి బావి తవ్విన ఊరు ఇంకో జిల్లాలో. బొగ్గు వ్యాగన్లు మాత్రం ఈ సంగతి పట్టించుకోకుండా కారేపల్లి మీదుగా పోతూనే ఉన్నాయి. గేటు దగ్గర ఆగినవాళ్లు అవి దాటేదాకా నిలబడి చూస్తారు. ‘సింగరేణి బండి పోతోంది’ అంటారు, తాము నిలబడింది సింగరేణి మండలంలోనే అయినా.