హారీ పోటర్ తిన్న ఐస్‌క్రీము

ఆనాడు డడ్లీ పుట్టినరోజు. కిందటి ఏటికంటె కానుకలు తగ్గినవని తెల్లవారగానే అలిగిన ఆ గారాల బిడ్డను తల్లిదండ్రులు జంతుప్రదర్శనశాలకు తీసుకొనిపోయినారు. ఇంట ఒంటరిగా విడువ నమ్మకం లేక, తల్లీతండ్రీ లేని హారీని కూడా వెంటబెట్టుకొన్నారు. ద్వారం వద్ద డడ్లీకి, అతని స్నేహితునికి పెద్ద చాక్లెట్ ఐస్‌క్రీములు కొనిపెట్టినారు. బండిలోని ఆవిడ చిరునవ్వుతో, నీకేమి కావాలని హారీని కూడా అడుగుటచేత తప్పించుకొన వీలులేక, వానికొక చవకరకం నిమ్మ పుల్లఐసు కొన్నారు. మధ్యాహ్నం భోజనశాలలో డడ్లీ ముందు ఒక పొడవైన ఐస్‌క్రీము గ్లాసు పెట్టినారు. దాని పేరు నికర్‌బాకర్ గ్లోరీ. పైన ఐస్‌క్రీము చాలలేదని డడ్లీ గోల చేసినాడు. వెంటనే తండ్రి మరొకటి తెప్పించినాడు. మొదటి గ్లాసును ముగించే అనుమతి హారీకి లభించినది.

జె. కె. రోలింగ్ 1997లో ప్రకటించిన తొలి హారీ పోటర్ నవలలో రెండవ అధ్యాయంలోని ముచ్చట ఇది. మంత్రదండాలకూ మాయాశాలలకూ మురిసిన పిల్లలు ఈ రెండు మూడు వాక్యాలను దాటుకొని పరుగెత్తుతారు. కాని ఆ బాలుని పదేళ్ళ జీవితమంతా ఈ గ్లాసులోనే ఉన్నది. రచయిత్రి ఎక్కడా వానిని జాలిపడనివ్వలేదు. పుల్లఐసు కూడా ఫరవాలేదనే వాడు అనుకొన్నాడు. ఒకరు తిని విడిచినదానిని తెలుగువారు 'ఎంగిలి' అంటారు. ఆంగ్లంలో అంత సూటియైన మాట లేదు. అందుచేత ఆంగ్ల పాఠకుడు ఈ ఘట్టాన్ని ఒక హాస్యంగా చదివి నవ్వుకొనవచ్చును. తెలుగు గృహిణికి మాత్రం చేతిలో పుస్తకం ఒక్క క్షణం ఆగుతుంది.

విందుల వర్ణన మన కావ్యాలకు కొత్త కాదు. శృంగారనైషధంలో దమయంతి పెండ్లివిందును శ్రీనాథుడు ఎంత వైభవంగా వడ్డించినాడో తెలిసినదే. పల్నాటిలో జొన్నకూడు తినవలసివచ్చి వాపోయిన చాటువులూ ఆ మహాకవి పేరనే ప్రచారంలో ఉన్నవి. అయితే మన కవుల విందులో వంటకం ప్రధానం. రోలింగ్ కథలో వంటకం కంటె అది ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదనేదే ప్రధానం.

ఇక ఆ పేరు సంగతి. నికర్‌బాకర్ అనే మాట కూడా ఒక కల్పిత కథలోనుండి పుట్టినదే. 1809లో వాషింగ్టన్ ఇర్వింగ్ అనే అమెరికన్ రచయిత న్యూయార్క్ నగర చరిత్రను పరిహాసంగా వ్రాసి, దానికి డీడ్రిక్ నికర్‌బాకర్ అనే ఒక వృద్ధుని కర్తగా కల్పించినాడు. పుస్తకం వెలువడకముందే ఆ ముసలివాడు బసనుండి కనబడకుండా పోయినాడని పత్రికలో ప్రకటన కూడ వేయించినాడు! లోకం నమ్మినది. తరువాత ఆ పేరు న్యూయార్కువారికే మారుపేరైనది. ఆ గ్రంథానికి వేసిన బొమ్మలలోని వదులు లాగులకూ అదే పేరు వచ్చినది. ఐస్‌క్రీము పైన పాకం పోసి పెట్టే 'సండే' కూడ అమెరికాదే. 1892లో ఇథాకా పట్టణపు పత్రికలో ఒక మందుల దుకాణంవారు చెర్రీపండుతో చేసిన దానిని ఆదివారం పేరుతోనే ప్రకటించినారు. పొడవైన గ్లాసులో అంతస్తులుగా పేర్చిన నికర్‌బాకర్ గ్లోరీ మాత్రం 1930ల నాటికి బ్రిటన్‌లో సముద్రతీరపు సెలవులకూ పుట్టినరోజులకూ గుర్తుగా నిలిచినది. యుద్ధానంతరం అక్కడ చక్కెర రేషన్ 1953 వరకు తొలగలేదు. ఆ దేశంలో ఒక తరం పెద్దలకు ఈ గ్లాసు పట్ల గల మమకారానికి ఇదొక కారణం కావచ్చును.

దీనిని ఇంట చేయుట కష్టం కాదు, ఓపిక కావలె. అడుగు సన్నమై మూతి వెడల్పైన పొడవాటి గాజుగ్లాసు, అడుగంటే పొడవాటి చెంచా ఉంటే సగం పని అయినట్లే. గ్లాసును ముందుగా చల్లబరచుకొనవలె. వేడినీళ్ళలో కడిగిన గ్లాసును వెంటనే మంచుపెట్టెలో పెడితే పగిలిపోతుంది.

అడుగున ఉండేది జెల్లీ. సీమలో జిలాటినుతో చేస్తారు. అది జంతువుల ఎముకలనుండీ చర్మంనుండీ తీసినది గనుక శాకాహారులకు పనికిరాదు. పైగా ముప్పై డిగ్రీలు దాటితే మెత్తబడి కరగడం ప్రారంభిస్తుంది. మన వేసవి మధ్యాహ్నం దాని ముందు నిలవనివ్వదు. సముద్రపు నాచునుండి తీసిన చైనాగ్రాసు మనకు అన్నివిధాల అనుకూలం. అర లీటరు ద్రవానికి నాలుగైదు గ్రాముల పొడి చాలును. దానిని ముందు నీటిలోనే బాగుగా మరిగించి, పొయ్యిమీదనుండి దించినపిమ్మట పండ్లరసం కలుపవలె. పులుపుతో కలిపి మరిగిస్తే దాని బిగువు తగ్గుతుంది. రసం మరీ చల్లనిదైతే కలుపగానే గడ్డలు కడుతుంది. సుమారు నలభై డిగ్రీల వద్దనే గట్టిపడే ఈ జెల్లీ, మరల కరగవలెనంటే మరుగునీటి వేడికి సమీపించవలె. మరొక సుగుణం ఉన్నది. పచ్చి అనాసలోనూ బొప్పాయిలోనూ మాంసకృత్తులను విరిచే పదార్థం ఉన్నందున వాటిని కలిపిన జిలాటిను ఎంతసేపటికీ గట్టిపడదు. చైనాగ్రాసు మాంసకృత్తు కాదు కనుక దానికి ఆ బెడద లేదు.

జెల్లీపైన పండ్లు. సీమవారు పీచి, స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ వేస్తారు, తరచుగా డబ్బాలోనివే. పీచిపండు స్థానంలో బంగినపల్లి మామిడిని నిలిపితే దానివల్ల నష్టపడేవాడు ఎవడూ ఉండడు. స్ట్రాబెర్రీలు ఇప్పుడు విశాఖ మన్యంలో లంబసింగి ప్రాంతాన కూడా పండుతున్నవి. అయితే ఆ పండు చలికాలపుది, మామిడి ఎండకాలపుది. రెండూ తాజాగా ఒక గ్లాసులో కలుసుకొనుట అరుదు. స్ట్రాబెర్రీల కాలంలోనే వాటిని చక్కెరతో ఉడికించి, గింజలు పోవునట్లు వడగట్టి, పాకంగా దాచుకొన్న ఇల్లాలు ఏప్రిల్‌లో ఈ విరోధాన్ని పరిష్కరించగలదు.

పండ్లను చిన్న ముక్కలుగా తరిగి, చెంచాడు చక్కెర చల్లి అరగంట ఉంచితే నీరు ఊరుతుంది. చాలమంది చేసే పొరపాటు ఇక్కడనే ఉన్నది. ఆ నీటిని వంచివేయకుండా గ్లాసులో పోసినట్లయితే ఐస్‌క్రీము వెంటనే కరగి, అంతస్తులన్నీ ఏకమై, గ్లాసంతా ఒకే రంగు ద్రవం మిగులుతుంది. వంచిన నీటిని పారవేయనక్కరలేదు, పాకంలో కలుపుకొనవచ్చును.

పండ్లపైన ఒక ముద్ద వెనిల్లా ఐస్‌క్రీము, దానిపై ఎర్రని పాకం, మరల పండ్లు, మరల ఐస్‌క్రీము. ఈ పని జరిగేటప్పుడు మాటలు కూడదు. చేతులు చురుకుగా కదలవలె. అన్నిటికంటె పైన గిలకొట్టిన క్రీము. మన ఇంటి మీగడను గిలకొడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు, వెన్న అవుతుంది. ఈ క్రీము ఆ వెన్నకు ఒక అడుగు ముందు ఆగిపోవలె. కొవ్వు నూటికి ముప్పై పాళ్ళకు తక్కువగా ఉంటే అది నురుగెత్తదు. అంగళ్ళలో సాధారణంగా దొరికే ఇరవైయైదు పాళ్ళ క్రీముతో గంటసేపు శ్రమించి విసిగినవారు తమ చేతిని నిందించుకోవలసిన పని లేదు. గిన్నెనూ కవ్వాన్నీ కూడ చల్లబరచుకొంటే పని తొందరగా అవుతుంది. పైన తరిగిన బాదంపప్పులు, ఒక ఎర్రని చెర్రీ, పక్కన గుచ్చిన వేఫర్ బిస్కత్తు, ఇంతే.

ఇట్లా పేర్చిన గ్లాసును ముందుంచుకొని చూస్తే డడ్లీ అలకలోని అవివేకం తెలుస్తుంది. పైన చాలలేదన్న ఐస్‌క్రీము పండ్ల మధ్య మరొక అంతస్తులో ఉండనే ఉన్నది. గాజులోనుండి కనబడుతూనే ఉన్నది. వాడు పైభాగం మాత్రమే చూచినాడు. కరగిన ఐస్‌క్రీమూ పాకమూ పండ్లరసమూ అన్నీ దిగి చేరేది అడుగుననే. హారీకి ఎంత మిగిలినదో రచయిత్రి చెప్పలేదు గాని, ఆ అడుగు మాత్రం తప్పక వానిదే అయి ఉంటుంది.

ఆ తరువాత హారీ చేతికి వేరొకరి చేతినుండి ఐస్‌క్రీము వచ్చినది. మాంత్రికుల అంగడివీధిలో హాగ్రిడ్ అనే భారీ మనిషి కిటికీకి అవతల రెండు పెద్ద ఐస్‌క్రీములు పట్టుకొని నిలబడినాడు. హారీ కోసం కొన్నది చాక్లెటూ రాస్ప్‌బెర్రీ కలిపి, పైన పప్పులు చల్లినది. ఈసారి అది ఎవరూ విడిచినది కాదు. 1999లో వెలువడిన మూడవ నవలలో వాడు సెలవుల చివరి రోజులు అదే వీధిలో గడిపినాడు. ఫ్లోరియన్ ఫోర్టెస్క్యూ అనే ఐస్‌క్రీము అంగడివాని కొట్టు ముందు ఎండలో కూర్చుండి బడి వ్యాసాలు వ్రాసుకొన్నాడు. పెద్దమ్మ ఇంట రాత్రులు దుప్పటి కింద దాగి వ్రాయవలసివచ్చిన చదువు అది. మధ్యయుగాలలో మంత్రగత్తెలను కాల్చిన చరిత్ర ఆ అంగడివానికి క్షుణ్ణంగా తెలుసును. వ్యాసానికి సాయం చేస్తూ అరగంటకొక సండే ఉచితంగా ఇచ్చేవాడు. అడిగినందుకు కాదు, ఎవరో వద్దన్నందుకూ కాదు.

2005లో వచ్చిన ఆరవ నవలలో హారీ పదహారవ పుట్టినరోజు ఫలహారం వేళ పెద్దలు చెడు వార్తలు చెప్పుకొంటూ ఉంటారు. ఫోర్టెస్క్యూ కూడా పోయినాడని ఒకరంటారు. తనకు ఉచితంగా ఐస్‌క్రీములు ఇచ్చేవాడని హారీ గుర్తు చేసుకొని, ఆయనకు ఏమైనదని అడుగుతాడు. దుకాణం వాలకం చూస్తే ఎవరో ఈడ్చుకొనిపోయినట్లున్నదని జవాబు వస్తుంది. ఆనాడు బల్లమీద పుట్టినరోజు ఫలహారాలు ఉన్నవి, చుట్టూ ఆప్తులు ఉన్నారు.