చదరపు అడుగు వెనక లెక్క

స్టూడియోలో మనం డిజైన్ మొదలుపెట్టేది సైట్ అనాలిసిస్‌తో. గాలి ఎటు, ఎండ ఎటు, చెట్లెక్కడ. బిల్డర్ మొదలుపెట్టే ప్రశ్న వేరు: ఇక్కడ ఎంత కట్టొచ్చు, అందులో నాకెంత మిగులుతుంది? పోయిన సెమిస్టర్ ఒక ఆర్కిటెక్ట్ గారి ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేశాను. చాలాసార్లు ఈ రెండో ప్రశ్నే ప్లాన్ గీయిస్తుందని అక్కడ చూశాను.

హైదరాబాద్‌లో బాగా వినపడే మాట 'డెవలప్‌మెంట్‌కి ఇవ్వడం'. స్థలం ఓనర్‌ది, కట్టే ఖర్చు బిల్డర్‌ది, ఫ్లాట్లు ఇద్దరూ పంచుకుంటారు. ఒక లెక్క వేద్దాం (అంకెలు ఉదాహరణకి నేను వేసుకున్నవే). 600 గజాలు, అంటే 5,400 చదరపు అడుగులు. సెట్‌బ్యాక్‌లు పోగా అంతస్తుకి 3,000 అడుగులు వచ్చాయనుకోండి. కింద పార్కింగ్, పైన ఐదు అంతస్తులు: 15,000 అడుగులు, పది ఫ్లాట్లు. అడుగుకి 2,000 చొప్పున ఖర్చు 3 కోట్లు. సగం సగం ఒప్పందం కాబట్టి బిల్డర్ అమ్ముకునేది 7,500 అడుగులే. అంటే అతను అమ్మే ప్రతి అడుగు మీదా 4,000 నిర్మాణ ఖర్చు. స్థలం ఊరికే వచ్చిందిగా అనిపిస్తుంది గానీ, దాని ధర ఓనర్ వాటా కట్టడంలో దాక్కుని ఉంది.

దానికి కాలం కూడా తోడవుతుంది. కోటిన్నర అప్పు, 12 శాతం వడ్డీ అనుకుంటే నెలకి లక్షన్నర. మన డ్రాయింగ్ ఆలస్యమై పని ఒక నెల ఆగినా ఆ లక్షన్నర ఆగదు.

ఎంత కట్టొచ్చు అనేది ముంబైలోలా ఎఫ్‌ఎస్‌ఐతో తేలదు ఇక్కడ. 2012 నాటి జీవో 168 ప్రకారం ముందున్న రోడ్డు వెడల్పు, ప్లాటు సైజు, ఎత్తు, సెట్‌బ్యాక్‌లు కలిసి నిర్ణయిస్తాయి. అందుకే నన్నడిగితే చెట్ల కన్నా ముందు రోడ్డుని టేపు పెట్టి కొలవాలి. పర్మిషన్ ఇచ్చేటప్పుడు 10 శాతం బిల్టప్ ఏరియాని తనఖా పెట్టించుకుంటారు కూడా. మన ఉదాహరణలో అది 1,500 అడుగులు, సరిగ్గా ఒక ఫ్లాటు. ప్లాన్ దాటి కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాకపోతే ఆ ఫ్లాటు అక్కడే ఇరుక్కుంటుంది. "బాల్కనీ కొంచెం ముందుకి జరుపుదాం సార్" అనే మాట ఖరీదు అది.

కొనేవాళ్ళ వైపు నుంచి చూస్తే అసలు సంగతి కార్పెట్ ఏరియా. 2016 రెరా చట్టం దీన్ని స్పష్టంగా చెప్పింది: లోపలి గోడలు లెక్కలోకి వస్తాయి, బయటి గోడలు, సర్వీస్ షాఫ్టులు, బాల్కనీ రావు. 1,500 అడుగుల ఫ్లాట్ అని బోర్డు మీద ఉన్నా, లోపల వాడుకునేది 1,050 ఉండొచ్చు. మిగతాది కారిడార్, మెట్లు, లిఫ్ట్, గోడల మందం. లిఫ్ట్, మెట్లు ఎక్కడ పెడతామన్నది ఆర్కిటెక్ట్ చేతిలోనే ఉంది. కారిడార్లో అంతస్తుకి 100 అడుగులు తగ్గిస్తే ఐదంతస్తుల్లో 500 అడుగులు గదుల్లోకి వస్తాయి. ఎలివేషన్ మీద మనం పెట్టే శ్రద్ధలో సగమైనా దీని మీద పెడితే బావుండు.

స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా ప్రాజెక్టు రెరాలో నమోదు కావాలి. మనది రెండూ దాటింది. అలాంటప్పుడు కొనుగోలుదార్లు కట్టిన డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో ఉండాలి. ఆ భూమికీ, ఆ నిర్మాణానికీ తప్ప వాడకూడదు. ఎంత పని జరిగిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, సీఏ ధ్రువీకరిస్తేనే ఆ మేరకు తీసుకోవచ్చు. అవ్వని ప్లాస్టరింగ్ అయిందని రాసిస్తే కదిలేది ఎవరో ఈఎంఐలు కడుతున్న హోమ్ లోన్ డబ్బు. మా ఆర్కిటెక్ట్ గారు ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు అన్ని అంతస్తులూ ఎక్కి చూసేవారు. లిఫ్ట్ అప్పటికి ఉండదు కదా, మెట్ల మీదే.