ఎర్ర బిళ్ళ మీది అంకె

పిల్లలూ, సెల్‌ఫోను తెర మీద వరసగా ఉండే చిన్న చిన్న బొమ్మలు మీకు తెలిసినవే. ఒక్కొక్క బొమ్మ ఒక్కొక్క యాప్‌కు గుర్తు. అప్పుడప్పుడు బొమ్మ మూల ఎర్రని బిళ్ళ ఒకటి కనిపిస్తుంది. అందులో 3 అని ఉంటే, చదవవలసిన కబుర్లు మూడున్నాయన్నమాట. దీనిని బ్యాడ్జ్ అంటారు. పూర్వం కచేరీలలో బిళ్ళ బంట్రోతులు పెట్టుకున్న ఇత్తడి బిళ్ళ కూడా బ్యాడ్జే.

అయితే ఈ బిళ్ళ అప్పుడప్పుడు అబద్ధమాడుతుంది. 3 అని ఉంటుంది, తెరిచి చూస్తే కొత్త కబురు ఒక్కటీ ఉండదు. ఇది వట్టి చిరాకు. ఒక్కొక్కప్పుడు బిళ్ళే ఉండదు గాని, లోపల రెండు కబుర్లు పడి ఉంటాయి. ఇది చిరాకుతో పోదు. వాన మూలంగా రేపు బడి లేదన్న కబురు అందులోనే ఉంటే, పాపం, పిల్లవాడు తడుస్తూ బడిదాకా పోయి రావలసిందే!

ఇలా ఎందుకు జరుగుతుంది?

2007లో మొదటి ఐఫోను వచ్చినప్పుడే దానిలో ఈ బిళ్ళలుండేవి. కాని ఇతరులు తయారుచేసిన యాప్‌లు మూసి ఉన్నప్పుడు కూడా బిళ్ళ మారే ఏర్పాటు 2009లో వచ్చింది. మూసిన యాప్ నిద్రపోతున్నట్టే లెక్క. కబుర్లు చేరేది ఎక్కడో ఉన్న సర్వర్ అనే పెద్ద కంప్యూటరుకు. సర్వర్ ఒక చిన్న చీటీ రాసి ఆపిల్ కంపెనీ కంప్యూటరుకు పంపితే, అది ఫోనుకు అందిస్తుంది. చీటీలో 3 అని ఉంటే ఫోను 3 వేస్తుంది, సున్న అని ఉంటే బిళ్ళ తీసేస్తుంది. అది నిజమో కాదో ఫోను లెక్కపెట్టదు. అంటే బిళ్ళ మీది అంకె అసలు లెక్క కాదు, లెక్కకు నకలు మాత్రమే.

మీ నాయనమ్మ అరిసెల డబ్బా మీద 12 అని చీటీ అంటించిందనుకోండి. మీరు రెండు తిని 10 అని దిద్దారు. తమ్ముడు ఒకటి తిన్నాడు గాని, దిద్దడం మరిచాడు. అత్తయ్య నాలుగు వేసి 14 చేసింది. డబ్బాలో ఉన్నవి 13! ఇక ఎవరెంత జాగ్రత్తగా కూడినా, తీసివేసినా ఆ ఒక్కటి తేడా పోదు. మూత తీసి లెక్కపెట్టి కొత్త అంకె వేస్తేనే పోతుంది.

యాప్‌లు రాసేవారు కొందరు తమ్ముడిలాగే చేస్తారు. కబురు వస్తే ఒకటి కలుపుతారు, చదివితే ఒకటి తీసేస్తారు. ఒకే కబురును రెండుసార్లు తెరిస్తే రెండు తీసివేతలు! చదవకుండానే చెరిపేస్తే తీసివేతే ఉండదు. మంచి పద్ధతి ఏమిటంటే, లోపల ఏది మారినా చదవనివెన్నో మళ్ళీ లెక్కపెట్టి, ఆ అంకెనే వేయడం.

ఆపిల్ వారి చీటీలో "ఒకటి కలుపు" అని రాయడానికి వీలులేదు, మొత్తం అంకే రాయాలి. ఇది చాలా తెలివైన ఏర్పాటు. రాత్రి ఫోను ఆపి ఉండగా మూడు కబుర్లు వచ్చాయనుకోండి. పొద్దున్న మూడు చీటీలూ అందుతాయనే నమ్మకం లేదు, చివరిదొక్కటే అందవచ్చు. అవి "ఒకటి కలుపు" చీటీలైతే ఫోను 1 చూపిస్తుంది. చివరి చీటీలో "మొత్తం 3" అని ఉంటే, ముందువి పోయినా నష్టం లేదు.

మరో చిక్కు. నాన్నగారు అదే కబురును టాబ్లెట్‌లో చదివేస్తే ఫోనుకు ఎలా తెలుస్తుంది? తెలియదు. సర్వరే మోత లేకుండా అంకె మాత్రమే ఉన్న చీటీ ఇంకొకటి పంపాలి.

2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 బొమ్మ మీద అంకెకు బదులు చుక్క పెట్టింది. తెర పైనుంచి వచ్చే ప్రకటనను వేలితో పక్కకు తోసేస్తే చుక్క మాయమవుతుంది, కబురు చదవకపోయినా సరే! నాకైతే అంకే నయమనిపిస్తుంది.

మీ ఇంట్లో ఒకే యాప్ ఫోనులోనూ టాబ్లెట్‌లోనూ ఉంటే, పెద్దలనడిగి ఒక పరీక్ష చేయండి. కబురు వచ్చి ఫోను మీద బిళ్ళ పడ్డాక, ఫోనులో ఇంటర్నెట్ ఆపి, ఆ కబురును టాబ్లెట్‌లో చదవండి. ఫోను మీద బిళ్ళ అలాగే ఉంటుంది. ఇప్పుడు ఇంటర్నెట్ పెట్టి, బిళ్ళ ఎంతసేపటికి పోతుందో చూడండి. కొన్ని యాప్‌లలో, తెరిచేదాకా పోనే పోదు.