ముంగిట కాంతి ప్రసరించే పందిరి: చౌక నిర్మాణంలో మెలకువలు

గుంటూరు, ఖమ్మం జిల్లాలలో మిరప కోతలు జనవరి నుండి ఏప్రిల్ వరకు సాగుతాయి. ఆరబోసిన కాయలు మార్చి, ఏప్రిల్ నెలల అకాల వర్షాలకు తడిస్తే రంగు కోల్పోవడమే గాక, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం ఆశించి అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం చేరే ప్రమాదం ఉంది. పంటంతటికీ కప్పు వేయడం సన్నకారు రైతుకు సాధ్యం కాదు. అయితే ఇంటి ముంగిట 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల పందిరి ఉంటే విత్తనానికి ఉంచిన కాయలు, ఇంటి వాడకానికి కావలసిన మిరప, పసుపు, పప్పుధాన్యాలు దక్కుతాయి. మిగిలిన కాలంలో నారు పెంచుకోవచ్చు, ఇంటివారు కూర్చోవచ్చు. ఇనుప రేకు వానతోపాటు వెలుతురును కూడా ఆపివేస్తుంది కనుక, ఇక్కడ కావలసినది కాంతిని లోనికి వదిలే కప్పు.

ఇందుకు పాలీకార్బొనేట్ షీట్లు, ఫైబర్ రేకులు, అతినీలలోహిత కిరణాలను తట్టుకొనే పాలిథీన్ షీటు అందుబాటులో ఉన్నాయి. పాలీకార్బొనేట్ దాదాపు పదేళ్లు మన్నుతుంది గాని ఖరీదు ఎక్కువ. పైగా ఎండకు సాగుతుంది: 3 మీటర్ల షీటు 40 డిగ్రీల ఉష్ణోగ్రతా భేదానికి సుమారు 8 మి.మీ. పెరుగుతుంది. మేకు మందానికి సరిపోయే రంధ్రం చేసి బిగిస్తే అక్కడే పగులుతుంది. ఫైబర్ రేకులు కొన్నేళ్లకు పసుపుబారి కాంతిని తగ్గిస్తాయి. రైతు ఇంటికి 200 మైక్రాన్ల పాలిథీన్ షీటే తగినది. మూడు నాలుగేళ్లు వస్తుంది. పొలంలో బస్తాలపై కప్పే మామూలు పాలిథీన్ చూపుకు ఇలాగే ఉన్నా, కొద్ది నెలల ఎండకే పెళుసుబారి చిరిగిపోతుంది. ఆ పొదుపు పొదుపు కాదు.

అయితే ఖర్చు తగ్గించడంలో చాలామంది పొరబడేది షీటు వద్ద కాదు, చట్రం వద్ద. ఇరవై చదరపు మీటర్ల షీటు బరువు నాలుగు కిలోలకు మించదు. కనుక నాలుగు సన్నని కర్రలు చాలునని అనిపిస్తుంది. కానీ సెకనుకు 44 మీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరుకు సుమారు 118 కిలోల ఒత్తిడి కలిగిస్తుంది. అంటే ఆ కప్పు మొత్తం మీద రెండు టన్నులకు పైమాటే. పందిరి కూలిపోవడం కన్నా పైకి లేచిపోవడమే ఎక్కువ. అందువల్ల సరుగుడు వాసాలను కనీసం 75 సెం.మీ. లోతున, అడుగున అడ్డకర్ర బిగించి, కాంక్రీటుతో నింపి పాతాలి. భూమిలో ఉండే భాగానికి ముందుగానే తారు పూస్తే చెద పట్టదు. షీటును నేరుగా మేకులతో కొట్టరాదు. అంచును వెదురు బద్దకు చుట్టి, పైన మరొక బద్ద పెట్టి, రెండింటినీ కలిపి బిగించాలి.

వాలు విషయంలో లోభించరాదు. ఎత్తైన వైపు 3.5 మీటర్లు, పల్లపు వైపు 2.2 మీటర్లు ఉండాలి. వాలు తక్కువైతే షీటు కుంగి నీరు నిలుస్తుంది. ఇరవై చదరపు మీటర్లపై 50 మి.మీ. వాన అంటే వెయ్యి లీటర్ల నీరు. అందులో కొంత భాగం నిలిచినా వాసాలు విరుగుతాయి. రాత్రివేళ షీటు లోపలి వైపు పట్టే తేమ కూడా వాలు బాగుంటేనే అంచుకు జారుతుంది, లేకుంటే బొట్లు బొట్లుగా కాయల మీదనే పడుతుంది. చూరు కింద దోనె అమర్చితే ఆ వాననీరు తొట్టిలోకి చేరుతుంది.

కాంతితోపాటు వేడి కూడా లోపలికి వస్తుంది. ఇంటి గోడకు, కప్పు పై అంచుకు మధ్య ఒక అడుగు ఖాళీ విడవకపోతే వేడిగాలి అక్కడే చిక్కుకొని ముంగిలి కొలిమి అవుతుంది. ఆ ఖాళీ నుండి జల్లు పడకుండా దానికి పైన గోడకు చిన్న రేకు అమర్చుకోవాలి. పక్కలను మూసివేయడం మరొక పొరపాటు. కాయలు ఆరేది వేడికి మాత్రమే కాదు, తేమను మోసుకుపోయే గాలికి. నిల్వకు తగినట్లు తేమ 10-11 శాతానికి తగ్గాలంటే గాలి ఆడవలసిందే. ఏప్రిల్, మే నెలలలో షీటుకు ఒక అడుగు పైన 50 శాతం నీడనిచ్చే వల కట్టుకొంటే కింద కూర్చోవడానికి వీలవుతుంది.

ఇనుప గొట్టాలు వాడేవారు షీటు ఆనే చోట గుడ్డ చుట్టాలి, లేదా తెల్లరంగు వేయాలి. వేడెక్కిన ఇనుము తాకిన చోటనే షీటు ముందుగా పాడవుతుంది. గంధకం కలిసిన మందులను పందిరి కింద నిల్వ ఉంచినా, నారుపై చల్లినా షీటు ఆయుర్దాయం తగ్గుతుంది. కట్టెల పొయ్యి పెట్టనేకూడదు.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున షీటును విప్పి, చుట్టి, ఇంట్లో పెట్టుకోవాలి. బద్దలను మేకులతో గాక తీగతో బిగించుకొంటే ఈ పని ఇద్దరు మనుషులతో పూర్తవుతుంది. చట్రం నిలిస్తే మరునాడు తిరిగి కట్టుకోవచ్చు.