ఊపిరాడు బుల్‌డాగు



చప్పిడి ముక్కు, ముడుతలు పడిన మొగము, వెడల్పైన రొమ్ము గల బుల్‌డాగను సీమకుక్కను మీలో ననేకులు చూచియే యుందురు. బెజవాడ మేడలలోను, మా కొండపల్లి వంటి యూళ్లలోను ఇట్టి చదునుమొగపు కుక్కలను ముచ్చటపడి పెంచువారు నేడు కలరు. నీడను పరుండియున్నను అది గుఱ్ఱుగుఱ్ఱుమని శబ్దము చేయుచుండును. చూచువారికి నవ్వు వచ్చును. కాని యది ఊపిరి చాలని ప్రాణి పడు పాటు. ఈ బాధను పెంపకపు పద్ధతిచేతనే తొలగింపబూనిన యొక యత్నమును గూర్చి నేడు ముచ్చటింతును.

పూర్వ మింగ్లండులో ఎద్దును కట్టివేసి, దానిపైకి కుక్కల నుసికొల్పి చూచి యానందించు క్రూరమైన యాట యుండెను. ఆ యాటకు పెంచిన కుక్కయే బుల్‌డాగు. నాటిదానికి కాళ్లు నిడుపు, మొగ మింత చదును కాదు, ఒడలు చుఱుకు. 1835లో పార్లమెంటు ఆ యాటను నిషేధించెను. పని పోయినది, కుక్క మిగిలినది. పిమ్మట ప్రదర్శనలు వచ్చినవి. పెద్ద తలకు, చదును మొగమునకు బహుమానములు లభించుటచే, అట్టి కుక్కలనే యెంచి, దగ్గఱి రక్తసంబంధములలోనే జతపఱచిరి. కొన్ని తరములలో రూపమే మాఱిపోయెను.

మొగపు టెముక కుఱుచయైనది గాని, లోపలి మెత్తని యంగిలి యంతగా కుఱుచ కాలేదు. అది గొంతులో వ్రేలాడి గాలి కడ్డుపడును. ముక్కుపుటములును సన్నగిల్లినవి. మా యూరి బొమ్మలవారు తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, కాలుసేతులను వేఱుగా చేసి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో నతికింతురు. బొమ్మ ముక్కును ఎంత చదును చేసినను దానికి బాధ లేదు. ప్రాణి యట్టిది కాదు. ఒక యవయవమును మార్చినచో, దానితోడి వన్నియు చెడును.

కుక్కకు మనవలె నొడలెల్ల చెమట పట్టదు. నాలుక చాచి యొగర్చుటచేతనే వేడిమిని వెడలించుకొనును. గాలి త్రోవ ఇఱుకైన కుక్క యెంత యొగర్చినను చల్లబడదు. మన కృష్ణాతీరపు వైశాఖ మధ్యాహ్న మట్టిదానికి ప్రాణాంతకము. కాన్పులును కష్టమే. పిల్లల తల పెద్దది, తల్లి కటి యిఱుకు. 2010లో బ్రిటనులో ప్రకటింపబడిన యొక పరిశోధనలో బుల్‌డాగుల కాన్పులు నూటికి 80కి పైగా కడుపు కోసి చేసినవే.

1971లో అమెరికాలోని పెన్సిల్వేనియాయందు డేవిడ్ లీవిట్ అను నాతడు, పూర్వపు బుల్‌డాగు రూపమును, నేటి కాలమునకు దగిన సాధుగుణమును, ఆరోగ్యమును ఒకచోట కూర్పదలచెను. పశువులకై ఒహైయో రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఫెచిమర్ పండితుడు ఏర్పఱచిన పెంపకపు పద్ధతి నాతడు గైకొనెను. రక్తమున సగము బుల్‌డాగు. తక్కిన సగము బుల్ మాస్టిఫ్, పిట్ బుల్ టెర్రియర్, అమెరికన్ బుల్‌డాగు అను మూడింటికి సమభాగములు. ఇట్లు పుట్టినదే ఓల్డ్ ఇంగ్లీష్ బుల్‌డాగు. 2014లో అమెరికాలోని యునైటెడ్ కెన్నెల్ క్లబ్బు దానిని జాతిగా గుర్తించెను. దాని మూతి కొంత పొడవు, కాళ్లు నిడుపు, నడక చుఱుకు.

ఈ వివేకము మన రైతునకు క్రొత్త కాదు. ఒంగోలు గిత్తను కొనువాడు కొమ్ముల యందమును మాత్రమే చూడడు; నడిపించి చూచును, రొమ్ము చూచును, గిట్ట చూచును. రేగడి దున్నగలుగుటయే దానికి బహుమానము. ఆ పరీక్షయే కుక్కకును వలయును.

అయినను క్రొత్త పేరు మాత్రమే యారోగ్యమునకు పూచీ కాదు. ఈ జాతిలోను తుంటికీలు చెడిన కుక్కలు పుట్టుచున్నవి. పేరు చెప్పి యమ్మువాడు వేఱు, తరతరమును పరీక్షించి పెంచువాడు వేఱు. కావున కొనదలచినవారు పిల్లనే కాక తల్లిదండ్రులను చూడవలెను. వానిని కొంతదూరము నడిపించి, గురక లేక ఊపిరి పీల్చునేమో వినవలెను. ముక్కుపుటములు తెఱచియున్నవో లేవో, తుంటి యెక్సురే తీయించిరో లేదో అడుగవలెను. ఇదివఱకే చదునుమొగపు కుక్క గలవారు దానిని బలియనీయరాదు, ఎండవేళ త్రిప్పరాదు, మెడపట్టెకు మాఱు రొమ్ముపట్టె కట్టవలెను. అది వడదెబ్బకు సోలినచో చల్లనీటితో తడిపి, విసరుచు, తక్షణమే పశువైద్యునికడకు గొనిపోవలెను.

భారతపు టాదిపర్వమున సరమ కథ కలదు. యాగశాలలో హవిస్సును ముట్టని, కన్నెత్తియైన చూడని కుక్కపిల్లను జనమేజయుని తమ్ములు కొట్టిరి. దాని తల్లి సరమ జనమేజయునికడకు వచ్చి, తన బిడ్డ చేసిన తప్పేమని యడిగెను. ఎవ్వరును బదులు పలుకలేదు. మన కంటికింపైన మొగము కొఱకు ఊపిరాడని పిల్లను పుట్టించినచో, నేడును ఆ ప్రశ్నకు మనకడ బదులు లేదు.