ఐరన్ బౌల్: ఒకే రాష్ట్రం, రెండు కాలేజీలు, నూట ముప్పై ఏళ్ళ పోటీ

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్నే గుండ్రటి బంతి గుర్తొస్తుంది. అమెరికాలో ఆ ఆటను సాకర్ అంటారు. వాళ్ళ ఫుట్‌బాల్ వేరు. బంతి కోడిగుడ్డులా ఉండి రెండు కొసలా మొనదేలి ఉంటుంది. జట్టుకు పదకొండు మంది. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చు, విసరవచ్చు. అవతలివాళ్ళు మనిషిని పట్టి పడేయవచ్చు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోకపోతే బంతి ఎదుటి జట్టుకు వెళ్తుంది. అందుకే నాలుగోసారి చాలా జట్లు బంతిని దూరంగా తన్నేస్తాయి. దాన్ని పంట్ అంటారు. బంతితో చివరి గీత దాటితే 6 పాయింట్లు, ఆ తర్వాత గోల్ స్తంభాల మధ్యకు తంతే ఇంకొకటి. ఇంత తెలిస్తే ఈ కథకు చాలు.

అక్కడ కాలేజీ జట్ల ఆటకు లక్షమంది చూడటానికి వస్తారు. దక్షిణాన ఉన్న అలబామా రాష్ట్రంలోనైతే ఏడాదికొకసారి జరిగే ఒక ఆట పండగతో సమానం. ఒక పక్క టస్కలూసాలోని అలబామా విశ్వవిద్యాలయం, ఇంకో పక్క ఆబర్న్. మొదటిది లాయర్లను, నాయకులను తయారుచేసిన పాత చదువుల బడి. రెండోది వ్యవసాయం, ఇంజనీరింగ్ నేర్పిన కాలేజీ. టస్కలూసా వాళ్ళు దాన్ని 'ఆవుల కాలేజీ' అని ఎగతాళి చేసేవారు. పోటీలోని కసి సగం అక్కడినుంచి వచ్చిందే.

మొదటి ఆట 1893 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ నగరంలో జరిగింది. ఆబర్న్ 32-22తో గెలిచింది. 1907లో 6-6తో సమమైంది. ఆ తర్వాత ఆట ఆగిపోయింది, అదీ 41 ఏళ్ళు! కారణం వింటే హాస్టల్ విద్యార్థులకు నవ్వొస్తుంది. ఆటగాడికి రోజుకు ఎంత ఖర్చు ఇవ్వాలి, ఎంతమందిని తేవాలి, రిఫరీని ఎక్కడినుంచి పిలవాలి అన్నవి తగాదాలు. రోజు ఖర్చులో తేడా అర డాలరు. మెస్ చార్జీల దగ్గర చెడిన స్నేహం రెండు తరాల దాకా అతకలేదన్నమాట.

చివరికి 1947లో రాష్ట్ర చట్టసభ కలగజేసుకుని, మళ్ళీ ఆడమని తీర్మానం చేసింది. 1948 డిసెంబరు 4న ఆట రోజు ఉదయం రెండు కాలేజీల విద్యార్థి నాయకులు బర్మింగ్‌హామ్‌లోని ఒక పార్కులో గొడ్డలిని పాతిపెట్టారు. పగ పోయిందనడానికి అది గుర్తు. సాయంత్రానికి అలబామా 55-0తో గెలిచింది. ఇక 1988 దాకా ఆటలన్నీ అదే నగరంలోని లీజియన్ ఫీల్డ్‌లోనే. బర్మింగ్‌హామ్ ఇనుము, ఉక్కు కర్మాగారాల ఊరు కాబట్టి ఈ ఆటకు 'ఐరన్ బౌల్' అన్న పేరు వచ్చింది.

అయితే పాతిపెట్టని గొడ్డలి ఇంకొకటి ఉంది. 1950 నాటికి రాష్ట్ర జనాభాలో దాదాపు మూడోవంతు నల్లవారు. వాళ్ళలో ఒక్కరికీ ఈ రెండు జట్లలో చోటు లేదు, తరగతి గదిలోనే చోటు లేదు. తెల్లవారూ నల్లవారూ కలిసి పేకలు, పాచికలు, ఫుట్‌బాల్ ఆడటం నేరమని బర్మింగ్‌హామ్‌లో ఏకంగా చట్టమే ఉండేది. 1956లో ఆథరిన్ లూసీ అనే నల్లజాతి యువతి అలబామాలో చేరితే, మూడు రోజుల తరగతులకే గుంపులు మీదపడ్డాయి. విశ్వవిద్యాలయం గుంపును వదిలేసి ఆమెను పంపేసింది. 1963లో గవర్నర్ జార్జ్ వాలెస్ స్వయంగా తలుపు దగ్గర అడ్డం నిలబడ్డాడు. అయినా వివియన్ మలోన్, జేమ్స్ హుడ్ లోపలికి వెళ్ళారు. 1964లో ఆబర్న్‌లో చేరిన మొదటి నల్లజాతి విద్యార్థి హెరాల్డ్ ఫ్రాంక్లిన్‌ను హాస్టల్‌లో అందరికీ దూరంగా ఒంటరిగా ఉంచారు. ఆయన థీసిస్‌ను తిప్పి తిప్పి పంపారు. పట్టా లేకుండానే వెళ్ళిపోయిన ఆయనకు 2020లో, ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో దాన్ని ఇచ్చారు.

మరి ఆటస్థలం తలుపు ఎవరు తెరిచారు? అమెరికాలో ఒక కథ బాగా చెప్పుకుంటారు. 1970 సెప్టెంబరులో కాలిఫోర్నియానుంచి వచ్చిన దక్షిణ కాలిఫోర్నియా జట్టు లీజియన్ ఫీల్డ్‌లో అలబామాను 42-21తో ఓడించింది. ఆ జట్టులోని నల్లజాతి ఆటగాడు శామ్ కన్నింగ్‌హామ్ 135 గజాలు పరుగెత్తాడు. అది చూసి అలబామా కోచ్ బేర్ బ్రయంట్ కళ్ళు తెరిచాడని కథ. వినడానికి బాగుంది కానీ నిజం సగమే. అంతకు ముందే, 1969లో, అలబామాలోని నల్లజాతి విద్యార్థుల సంఘం తమవాళ్ళను జట్టులోకి తీసుకోవడం లేదని కోర్టుకెక్కింది. ఆ ఓటమి నాటికే విల్బర్ జాక్సన్ అనే కుర్రవాడు స్కాలర్‌షిప్‌పై చేరి ఉన్నాడు. మొదటి ఏడాది వాళ్ళు పెద్ద జట్టులో ఆడకూడదన్న నియమం వల్ల ఆ రాత్రి మైదానంలో లేడంతే. కోచ్ పేరు చెప్పుకునేవాళ్ళు పిటిషన్ వేసిన పిల్లలను మరచిపోవడం నాకు న్యాయమనిపించదు.

ఆబర్న్‌లో ఈ పని జేమ్స్ ఓవెన్స్‌తో మొదలైంది. 1969లో చేరి 1970నుంచి పెద్ద జట్టుకు ఆడాడు. బంతి అతని చేతికి వచ్చింది తక్కువ, ఇతరులకు దారి చేసిపెట్టిందే ఎక్కువ. 2012లో ఆబర్న్ ధైర్యానికి ఒక అవార్డు పెట్టి, దానికి ఆయన పేరే పెట్టి, మొదట ఆయనకే ఇచ్చింది.

1972 ఆట అమోఘం. అలబామా అప్పటికి ఓటమి ఎరగదు. దాని కెప్టెన్లలో ఒకడు జాన్ మిచెల్, అలబామా జట్టులో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు. ఎదుటి జట్టులో ఓవెన్స్. చివరి భాగంలో అలబామా 16-3తో ముందుంది. అప్పుడు ఆబర్న్ ఒక పంట్‌ను అడ్డుకుంది, బంతి పట్టుకుని గీత దాటింది. కాసేపటికి అచ్చం అదే మళ్ళీ జరిగింది. అడ్డుకున్నది ఆ మనిషే, పరుగెత్తిందీ ఆ మనిషే! ఆబర్న్ 17, అలబామా 16.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు వరుసగా అలబామాదే గెలుపు. దాన్ని తెంచింది బర్మింగ్‌హామ్ పక్కనే ఉన్న బెస్సెమర్ ఊరి కుర్రాడు బో జాక్సన్. 1982లో గీత దగ్గర గుట్టగా నిలబడ్డ మనుషుల మీదుగా గాలిలోకి ఎగిరి అవతల పడ్డాడు. స్కోరు 23-22.

తర్వాత వేదిక కూడా మారింది. 1989లో మొదటిసారి ఆబర్న్ తన సొంత మైదానంలో ఆడి 30-20తో గెలిచింది. 2000నుంచి అలబామా కూడా తన వంతు ఆటను టస్కలూసాకు తీసుకుపోయింది. బర్మింగ్‌హామ్‌కు పేరు మాత్రం మిగిలింది. మొత్తం లెక్కలో అలబామాదే పైచేయి. 2022లో ఆబర్న్ జట్టును తాత్కాలిక కోచ్‌గా నడిపించింది ఆ కాలేజీ పూర్వ ఆటగాడు కార్నెల్ విలియమ్స్. ఆ బాధ్యత చేపట్టిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆయనే. ఆ ఏడు ఐరన్ బౌల్‌లో అలబామా 49-27తో గెలిచింది.