ఆగి ఆగి నడచు జనరేటరు

బీదరు జిల్లాలోని బగ్దల్ వంటి యూరిలో, పెండ్లిపందిటి దీపములకైనను, దారిప్రక్క విడిసిన యిల్లువంటి మోటారు బండిలోని ఏసీకైనను, కరెంటు లేని వేళ జనరేటరే దిక్కు. అట్టి యంత్రము అరగంట నిక్షేపముగా నడచి ఆగుట, చల్లారిన పిమ్మట అంటుకొనుట, మరల ఆగుట సంభవించినప్పుడు, తాడు లాగుటయే పనిగా పెట్టుకొనువారే గాని, అది యెట్లు ఆగెనో గమనించువారు అరుదు. ఆగు తీరులోనే రోగనిదానమున్నది. అది తెలియుటకు యంత్రము పుట్టుక కొంత యెఱుగవలెను.

అయస్కాంతము కదలినప్పుడు ప్రక్కనున్న తీగచుట్టలో విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను; మరుసటి యేడే పారిస్‌లో పిక్సీ అనునతడు చేతితో త్రిప్పెడి యంత్రమును నిర్మించెను. కాని నాటి శాశ్వతాయస్కాంతముల బలము స్వల్పము. 1867 జనవరి 17న బెర్లినులోని విజ్ఞాన పరిషత్తునకు నివేదింపబడిన వెర్నర్ సీమెన్స్ పరిశోధన ఆ కొఱత దీర్చెను. ఒకసారి అయస్కాంతమైన యినుము, విద్యుత్తు తొలగిన పిదపను, రవంత అయస్కాంతత్వమును తనలో నిలుపుకొనును. ఆ శేషము తీగలో కొలదిపాటి విద్యుత్తును పుట్టించును, ఆ విద్యుత్తు అయస్కాంతమును బలపఱచును, ఇట్లు ఒకదానినొకటి పోషించుకొనుచు క్షణములలో యంత్రము పూర్ణశక్తిని పొందును. విద్యుద్యంత్రముల చరిత్రలో ఇంతకంటె సుందరమైన యూహ మఱొకటి నాకు కానరాదు.

ఆ శేషమే నేటికిని చిక్కులు తెచ్చిపెట్టును. బండ్లలో అమర్చు పెక్కు జనరేటర్లలో, విద్యుత్తు పుట్టుచున్నదని తెలిసినగాని ఇంజనును నడువనీయని యేర్పాటొకటి యుండును. నెలల తరబడి మూలబడిన యంత్రములో శేషాయస్కాంతత్వము క్షీణించినను, బ్రష్షులు అరిగినను, స్టార్టు మీట నొక్కిపట్టినంతసేపు ఇంజను నడచి, వ్రేలు తీసినంతనే ఆగును. అప్పుడు పెట్రోలు పక్షమున దినమంతయు వెదకినను ఫలము లేదు.

ఇక ఇంజను ఉక్కిరిబిక్కిరియై, తడబడి ఆగినచో ఇంధనము అందుటలేదని యర్థము. చిన్న జనరేటర్లలో ట్యాంకు మూతకున్న సన్నని గాలిరంధ్రము దుమ్ముతో పూడినచో, పెట్రోలు తగ్గినకొలది లోపల శూన్యత యేర్పడి ధార నిలిచిపోవును. మూత వదులు చేయగానే సుస్సుమని గాలి లోనికి బోయి, యింజను మరల సాఫీగా నడచెనా, రోగము దొరికినట్లే. ఎఱ్ఱమట్టికి పేరుపడిన బీదరు పీఠభూమిలో మూతతోబాటు ఎయిర్ ఫిల్టరును గూడ తఱచు శుభ్రపఱచవలెను. నిలువ పెట్రోలు జిగురై కార్బ్యురేటరు జెట్టును మూయుటయు సామాన్యమే. పైగా, సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు మించిన ఆ సీమలో గాలి కొంత పలుచన గనుక ఇంజను బలము నూటికి ఆఱేడు పాళ్లు తగ్గును. ఏసీ కంప్రెసరో, మొదలగు క్షణమున నడకకంటె కొన్ని రెట్లు కరెంటు లాగును. కాగితముమీద సరిపోయిన లోడు అక్కడ మోయరానిది కావచ్చును.

ఏ తడబాటును లేక చటుక్కున ఆగినచో మొదట చూడవలసినది ఆయిల్ స్విచ్చి. ఆయిల్ తగ్గినను, బండి యేటవాలున నిలిచి ఆయిల్ ఒక ప్రక్కకు ఒఱిగినను, అది ఇంజనును ఆపివేయును. బండిని చదునైన చోట నిలిపి, కొలతపుల్ల తీసి చూచినచో సంగతి తేలిపోవును. కొందఱు మెకానిక్కులు ఆ స్విచ్చి తీగను పీకివేసి, పని యైనదందురు. ఆయిల్ చాలని యింజను నిమిషములలో పిస్టను పట్టుకొని చెడును. ఆ స్విచ్చి దానిని కాపాడుటకే యున్నది. ఆ తీగను ఎవరినీ పీకనీయకుడు. బండిలో నిద్రించువారున్నచో, మరల స్టార్టు చేయుటకు ముందు పొగగొట్టము కిటికీలవైపు లేదని చూచుకొనుడు, అందుండి వెలువడు కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు.